అడ్డం పెట్టిన చెయ్యి

ఆ మే నెలలో నేను నెల రోజులు సెలవు పెట్టాను. మదనపల్లె ఆసుపత్రిలో నర్సుగా చేరిన పదకొండేళ్లలో అంత సెలవు ఎప్పుడూ పెట్టలేదు. పెట్టించింది మా అన్న ఎబినేజర్. పుంగనూరు దాటాక సోమల రోడ్డులో అతను అనాథ పిల్లల హోము నడిపేవాడు. న్యూజిలాండ్ నుంచి ఒక క్రైస్తవ సంఘం వాళ్లు ఆరుగురు మూడు వారాలు అక్కడ ఉండి పిల్లలకు సేవ చేయడానికి వస్తున్నారు. వాళ్ల మాట పిల్లలకూ, పిల్లల మాట వాళ్లకూ చెప్పే మనిషి కావాలి.

"బయటోళ్లను పెట్టుకుంటే లేనిపోనివి మాట్లాడతారు లిల్లీ. నువ్వైతే ఇంటి మనిషివి," అన్నాడు ఫోన్లో. నేను ఆ మాటను ప్రేమగానే తీసుకున్నాను.

నేను వెళ్లేసరికి పిల్లలు రేకుల షెడ్డు కింద వరుసగా నిలబడి స్వాగత గీతం పాడుతున్నారు. ఇరవై ఎనిమిది మంది. అన్న ఎదురుగా నిలబడి ఒక చేత్తో తాళం వేస్తున్నాడు. అతనిది మంచి గొంతు. అతను పాట ఎత్తుకుంటే చర్చిలో వెనక బల్లల మీద కునికేవాళ్లు కూడా తలెత్తి చూసేవాళ్లు. రెండో చేతిలో మూరెడు నల్లటి నీళ్ల పైపు ముక్క ఉంది. అది తాళానికి కాదని నాకు కొంచెం ఆలస్యంగా అర్థమైంది.

ముందు వరుసలో సువార్త అనే ఆరేళ్ల పిల్ల రెండో చరణం మరిచిపోయింది. అన్న పాట ఆపకుండానే రెండడుగులు ముందుకు వేసి దాని పిక్కల మీద కొట్టాడు. పిల్ల ఏడవలేదు. నిలబడిన చోటే పావడా తడుపుకుంది. అన్న మళ్లీ పైపు ఎత్తాడు. ఈలోగా వెనక వరుసలోంచి పన్నెండేళ్ల పిల్ల ఒకతి వచ్చి సువార్తను ముందునుంచి కావలించుకుని, తన వీపు అన్న వైపు పెట్టింది. దెబ్బ ఆ వీపు మీద పడింది. తర్వాత ఇంకో మూడు, ఒకే చోట.

"పోయి నీ జాగాలో నిలబడు రేవతీ," అన్నాడు అన్న మామూలు గొంతుతో. "అందరూ మళ్లీ మొదట్నుంచి."

పిల్లలు మళ్లీ మొదటినుంచి పాడారు.

పిల్లలు వెళ్లాక అడిగాను. "యాలన్నా అంత గట్టిగా కొడతాండావు? చిన్నబిడ్డలు కదా."

"నీ ఆస్పత్రిలో రోగులు నాలుగు దినాలుండి ఇంటికి పోతారు. వీళ్లకు ఇల్లు లేదు. నేనే వీళ్లను మనుషుల్ని చెయ్యాల. నాయన మనల్ని కొట్టలేదా? మనం సెడిపోయినామా?"

నాయన నన్నెప్పుడూ కొట్టలేదు. అన్ననే కొట్టేవాడు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

వంటచేసే రెడ్డెమ్మ ఆ సాయంత్రం బియ్యం చెరుగుతూ నాతో చెప్పింది. "ఆ రేవతికి అవ్వ ఉండాదమ్మా, శాంతిపురంలో. అమ్మానాయనా పోయినారు గానీ అవ్వ ఉండాది. బడి సెలవులిచ్చినారని పిల్లను తీసకపోదామని ఎండలో పడి వచ్చింది పాపం. అయ్య గేటు తియ్యలా. దొరలొచ్చినప్పుడు అందరూ ఈడనే ఉండాలన్నాడు. ఆ ముసల్ది గేటు కాడ ఒక గడియ కూర్చోనుండి పోయింది."

రెండ్రోజుల తర్వాత న్యూజిలాండ్ వాళ్లు వచ్చారు. మంచివాళ్లు. ఆ ఎండలో చేతులు కాలి ఎర్రబడుతున్నా గోడలకు సున్నం వేశారు, మరుగుదొడ్లకు తలుపులు బిగించారు, పిల్లలతో బంతాట ఆడారు. వాళ్లలో రూత్ అనే ఆమెకు అరవై ఏళ్లు దాటాయి. నలభై ఏళ్లు నర్సుగా చేసి రిటైరైంది. ఇద్దరం నర్సులం కాబట్టి మాకు తొందరగా స్నేహం కుదిరింది. ఆమె పిల్లలందరినీ ఒక్కొక్కరిగా పరీక్ష చేస్తానంది. కార్యాలయం గదిలో ఒక మంచం వేసి, బరువు చూసే మిషను పెట్టి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది.

పదో, పదకొండో పిల్ల రేవతి. దగ్గుతోందని ఊపిరి వినడానికి రూత్ దాని జాకెట్టు వెనక పైకెత్తింది. ఎత్తిన చెయ్యి అలాగే ఆగిపోయింది. వీపు నిండా అడ్డంగా చారలు. కొన్ని కొత్తవి, కమిలి నల్లబడినవి. కొన్ని పాతవి, తెల్లబడినవి.

"ఇవి ఎలా అయ్యాయో అడుగు," అంది రూత్.

అడిగాను. రేవతి నా మొహంలోకి సూటిగా చూసి చెప్పింది. "డాడీ పైపుతో కొట్నాడు. మొన్న నువ్వు సూస్తానే ఉంటివి గదక్కా."

పిల్లలందరూ అన్నను డాడీ అనాలి. అది హోములో నియమం. ఆ మాట ఒక్కటి రూత్‌కు నా సాయం లేకుండానే అర్థమైంది. ఆమె నా వైపు తిరిగింది.

"డాడీ చెట్టెక్కొద్దని చెప్పాడట. వినకుండా ఎక్కి పడిందట," అన్నాను ఇంగ్లీషులో.

నేను అంత తొందరగా అబద్ధం చెప్పగలనని నాకు అప్పటిదాకా తెలియదు. ఆలోచించుకున్నానని కూడా చెప్పలేను. నోట్లోంచి అలా వచ్చింది, మన ఇంటి మనిషిని ఎవరైనా ఏదైనా అంటే వచ్చినట్టు.

రేవతి ఆరో తరగతి. చెట్టుకు ఇంగ్లీషు మాట దానికి తెలుసు. "నేను చెట్టెక్కలేదు గదక్కా," అంది మెల్లగా. రూత్ మళ్లీ నా వైపు చూసింది. నేను ఆ మాటను ఇంగ్లీషులో చెప్పలేదు. తర్వాతి పిల్లను పిలిచాను.

మరుసటి రోజు పొద్దున రూత్ ఆవరణంతా ఒక చుట్టు తిరిగి వచ్చింది. "లిల్లీ, ఇక్కడున్నవి రెండు బొప్పాయి మొక్కలు. నా భుజాల దాకా కూడా లేవు," అంది. నేను తల వంచుకున్నాను. ఆమె తిన్నగా అన్న దగ్గరికి వెళ్లింది. అన్నకు కొంత ఇంగ్లీషు వచ్చు. కిటికీలోంచి చూశాను. అన్న నవ్వుతూ, చేతులు కట్టుకుని, అన్నిటికీ తల ఊపుతూ విన్నాడు. తర్వాత బయటికి వచ్చి అందరినీ పోగుచేసి, శనివారం హార్స్‌లీ కొండకు విహారయాత్ర అని ప్రకటించాడు. విదేశీయులు ఆరుగురూ వెళ్తారు. పిల్లలు ఉండిపోతారు. నేనూ ఉండిపోవాలి.

శనివారం వ్యాను గేటు దాటిన పావుగంటకు అన్న పిల్లలందరినీ హాల్లోకి రమ్మన్నాడు. నేల మీద కూర్చోబెట్టాడు. రేవతిని మధ్యలో నిలబెట్టాడు.

"దొరసానికి ఏం సెప్పినావు?"

"ఏమీ సెప్పలా."

"ఏం సెప్పినావు?"

"డాడీ కొట్నాడని సెప్పినా."

అది భయపడి చెప్పలేదు. అడిగినదానికి జవాబిచ్చింది. అన్నకు కోపం తెప్పించింది అదే అనుకుంటాను. మొదటి దెబ్బ మెడ మీద పడింది. రెండోది నడుము మీద. పిల్ల మోకాళ్ల మీద కూలింది. అతను దాని చుట్టూ తిరుగుతూ కొడుతున్నాడు. ఒక్కో దెబ్బకూ ఒక్కో మాట అంటున్నాడు. అన్నం, బట్టలు, బడి, మంచం. తాను ఇచ్చినవన్నీ ఒకదాని తర్వాత ఒకటి చెబుతున్నాడు. కూర్చున్న పిల్లలు చూపు తిప్పుకోలేదు. చూపు తిప్పుకున్న వాళ్లను తర్వాత కొడతాడని వాళ్లకు తెలుసు.

నేను వెళ్లి అతని చెయ్యి పట్టుకున్నాను. "సచ్చిపోతాదన్నా, ఇడ్సు."

అతను నన్ను విదిలించి కొట్టాడు. ఆ దెబ్బ భుజం మీద పడింది. రెండో దెబ్బకు పెదవి పగిలింది. నోటి నిండా రక్తం ఊరింది. గోడకు ఆనుకుని నిలబడేసరికి అతను మళ్లీ పిల్ల వైపు తిరిగాడు. ఈసారి పైపు తల మీదికి దిగుతోంది. రేవతి ఎడమ చెయ్యి అడ్డం పెట్టింది.

ఆ చప్పుడు ఏమిటో నాకు వెంటనే తెలిసింది. ఎముకల వార్డులో మూడేళ్లు చేశాను. కానీ ఎముక విరిగినప్పటి చప్పుడును నేను వినడం అదే మొదటిసారి. అంతకు ముందు విరిగాక చూసినవే.

అన్న కూడా విన్నాడు. పైపు కింద పడేశాడు. రేవతి చెయ్యి ముంజేతి దగ్గర వంగి వేలాడుతోంది. అది నోరు తెరిచింది గాని అరుపు రాలేదు. అన్న దాని ముందు మోకాళ్లూని రెండు చేతులూ జోడించి వెక్కి వెక్కి ఏడవడం మొదలుపెట్టాడు. "ప్రభువా, నన్ను యాల ఇట్ల పరీక్ష పెడతాండావు," అంటున్నాడు. కాసేపటికి పిల్లల వైపు తిరిగి, కన్నీళ్లు కారుతుండగానే, "పాడండి," అన్నాడు.

పిల్లలు పాడారు. స్వాగత గీతమే పాడారు. దొరల కోసం నేర్చుకున్నది అదొక్కటే వాళ్లకు పూర్తిగా వచ్చు. ఆ పాట మధ్యలో నేను రెడ్డెమ్మ తెచ్చిన అట్టముక్కలు రెండు వైపులా పెట్టి, నా చున్నీ చింపి పిల్ల చేతికి కట్టు కట్టాను. రెడ్డెమ్మ రోడ్డు మీదికి పరుగెత్తి ఆటో ఆపింది. అన్న మమ్మల్ని ఆపలేదు. మేము గేటు దాటేటప్పుడు కూడా మోకాళ్ల మీదే ఉన్నాడు.

మదనపల్లె చేరేసరికి గంట పట్టింది. దారిలో ప్రతి గుంతకూ రేవతి పళ్లు బిగించింది. ఒక్కసారి మాత్రం మాట్లాడింది. "సువార్తను ఆడనే ఇడిసిపెట్టి వస్తిమే అక్కా," అంది.

మా ఆసుపత్రికే తీసుకెళ్లాను. అత్యవసర విభాగంలో డాక్టర్ రాజేంద్ర ఉన్నాడు. కుర్రవాడు, వచ్చి ఏడాది కాలేదు. ఎక్స్‌రే తీయించి వెలుగుకు పట్టుకుని చూశాడు. చిటికెనవేలి వైపు ఎముక నడిమికి అడ్డంగా విరిగింది. రెండో ఎముక బాగానే ఉంది. నర్సుగా నాకు ఇంకొకరు చెప్పనక్కర్లేదు. పడితే ఆ ఎముక అలా విరగదు. తల కాపాడుకోవడానికి చెయ్యి అడ్డం పెట్టుకుంటేనే అలా విరుగుతుంది.

అతను నా పగిలిన పెదవి వైపు ఒకసారి చూసి, "ఎలా జరిగింది సిస్టర్?" అని అడిగాడు.

జవాబు చెప్పేలోగా తెర తొలగింది. మా నాయన రాజరత్నం, వెనకాల అమ్మ కృపావతి. అన్న ఫోను చేసి ఉంటాడు. నాయన ఆ ఆసుపత్రి మందుల గదిలో ముప్పై ఎనిమిదేళ్లు పనిచేశాడు. ఇప్పటికీ అతను నడిచి వస్తే పాత సిబ్బంది లేచి నిలబడతారు. డాక్టర్ కూడా లేచాడు.

"రెండు నిమిషాలు డాక్టర్," అని నాయన నన్ను పక్కకు తీసుకెళ్లాడు. "మెట్ల మీంచి పడిందని సెప్పు."

"పడలేదు నాయనా."

"పడలేదని నాకూ తెలుసు. నీ అన్న జైలుకు పోతే ఆ ఇరవై ఎనిమిది మందికి అన్నం నువ్వు పెడతావా? యాడికి పోతారు వాళ్లు? ఆలోచించి మాట్లాడు."

నేను అమ్మ వైపు చూశాను. అమ్మ మాత్రం మంచం మీద పడుకున్న పిల్ల చేతినే చూస్తోంది.

"ఎబీకి నాలుగో తరగతిలో ఇట్లనే అయింది," అంది అమ్మ. ఎవరితో అంటోందో తెలియనట్టుగా అంది. "ఇదే చెయ్యి. సైకిల్ మీంచి పడినాడని నేనే రాయిస్తిని. ఈ ఆస్పత్రిలోనే."

నాయన "కృపా," అన్నాడు. అంతే.

అన్న ఎడమ చెయ్యి కొంచెం వంకరగా ఉంటుంది. సైకిల్ కథ మా ఇంట్లో నవ్వుకుంటూ చెప్పుకునే కథ. నేనూ చాలాసార్లు చెప్పి నవ్వాను.

నేను తెర తీసి లోపలికి వెళ్లాను. డాక్టర్ కాగితం ముందు పెట్టుకుని ఉన్నాడు.

"కొట్టారు," అన్నాను. "నీళ్ల పైపుతో."

"ఎవరు?"

"మా అన్న ఎబినేజర్. హోము నడిపేది ఆయనే."

"మీరు చూశారా?"

"చూశాను. అంతకు ముందు కూడా చూశాను."

అతను రాసుకున్నాడు. పోలీసులకు తెలపాల్సిన కేసు కదా అన్నాడు. అవునన్నాను. కట్టు వేయడానికి పిల్లను లోపలికి తీసుకెళ్లారు.

నేను వరండాలోకి వచ్చాను. నాయన నన్ను కొట్టాడు. నా ముప్పై నాలుగేళ్ల బతుకులో మొదటిసారి, నేను పనిచేసే చోట, నా కింద పనిచేసే చిన్న నర్సుల ముందు. పెదవి మళ్లీ పగిలింది. రెండోసారి చెయ్యెత్తాడు. అమ్మ ఆ చేతిని పట్టుకుంది. పెద్దగా బలమేమీ పెట్టలేదు. అయినా నాయన చెయ్యి కిందికి దిగింది. ఆయన అమ్మ వైపు చూసిన చూపు నాకింకా గుర్తుంది. కోపం కాదది. తెలియని మనిషెవరో వచ్చి పట్టుకున్నట్టు చూశాడు.

ఆ సాయంత్రమే పోలీసులు సోమల రోడ్డు పట్టారు. నేను వాళ్ల జీపులోనే వెళ్లాను, సువార్త కోసం. జీపు చూడగానే అన్న గేటు దగ్గరికి వచ్చాడు. ఎస్సై చెయ్యి పట్టుకోబోతే వెనక్కి జరిగి, రాతి గేటు స్తంభానికి తన తలను తానే కొట్టుకున్నాడు. ఒకసారి కాదు. ఇద్దరు కానిస్టేబుళ్లు లాగేసరికి నుదురు చీరుకుపోయి కళ్లలోకి రక్తం కారుతోంది. "నా బిడ్డలు, నా బిడ్డలు," అంటున్నాడు. అది నాటకం అని ఎస్సై అన్నాడు. నాకు అలా అనిపించలేదు. అతనికి బాధ వస్తే ఎవరినో ఒకరిని కొట్టడం తప్ప ఇంకేం చేయాలో ఎవరూ నేర్పలేదు. ఆ సంగతి తెలిసినా నేను రాయించిన మాట మార్చుకోలేదు.

సువార్త షెడ్డు కింద ఒంటరిగా నిలబడి ఉంది. ఎత్తుకున్నాను. నా మెడ దగ్గర మొహం పెట్టుకుని, "రెండో చరణం వచ్చేసిందక్కా," అంది.

హార్స్‌లీ కొండ నుంచి వ్యాను తిరిగొచ్చింది. వాళ్ల నాయకుడు మంచి మనిషే. అంతా విని, తమ సంఘం పేరు బయటికి రాకుండా చూడమని అడిగాడు. మూడు వారాలు నిండకుండానే, సోమవారం వాళ్లు బెంగుళూరు వెళ్లిపోయారు. రూత్ వెళ్లలేదు. ఇంకో పది రోజులు ఉండి పోలీసులకు వాంగ్మూలం ఇచ్చింది. వెళ్లే ముందు రోజు నేను ఆమెకు రేవతి చెప్పిన అసలు మాట ఇంగ్లీషులో చెప్పాను. "నాకు తెలుసు," అంది. "నువ్వు ఎప్పుడు చెబుతావా అని చూస్తున్నాను." ఆమె గొంతులో క్షమించినట్టు ఏమీ వినపడలేదు.

హోము మూసేశారు. బాలల సంక్షేమ కమిటీ వాళ్లు పిల్లలను ఒక్కొక్కరినీ విచారిస్తే, పదిహేడు మందికి అవ్వో, పెద్దమ్మో, మేనమామో ఎవరో ఒకరు ఉన్నారని తేలింది. మిగిలిన వాళ్లను ప్రభుత్వ హోములకు పంపారు. సువార్తను ఎక్కడికి పంపారో కనుక్కుని నెలకోసారి వెళ్లి చూస్తున్నాను. అన్న బెయిలు మీద బయటికొచ్చి నాయన దగ్గర ఉంటున్నాడు. కేసు నడుస్తోంది. నేను సాక్ష్యం చెప్పాలి. మా చర్చిలో నా పక్కన బల్ల మీద ఎవరూ కూర్చోరు. ఆసుపత్రి క్వార్టర్స్‌లో నా కిటికీ మీద రెండుసార్లు రాళ్లు పడ్డాయి. అమ్మ ఒక పొద్దున చీరల సంచితో నా దగ్గరికి వచ్చేసింది.

రేవతి చేతికి కట్టు విప్పాక, జూన్ చివర్లో, దాన్ని శాంతిపురం తీసుకెళ్లడానికి కమిటీ నుంచి ఒకామె బయల్దేరింది. నేనూ వస్తానన్నాను. పలమనేరు మీదుగా బస్సు. రేవతి కిటికీ పక్కన కూర్చుని దారి పొడుగునా ఊర్ల పేర్లు చదివింది.

అవ్వ మునెమ్మ ఇంటి ముందు నీడలో కూర్చుని చింతపండు కొడుతోంది. మనవరాలిని చూసి లేచింది. ముద్దు పెట్టుకోలేదు, ఏడవలేదు. దాని ఎడమ చెయ్యి పట్టుకుని ముంజేతి మీద గట్టిపడిన చోటును వేళ్లతో తడిమింది. తర్వాత జాకెట్టు ఎత్తి వీపు చూసింది. చాలాసేపు చూసింది.

"ఎవురు సేసినారు?"

"మా అన్న, అవ్వా," అన్నాను.

ఆమె నా చెంప మీద కొట్టింది. ముసలి చెయ్యి, కానీ జీవితమంతా కూలి చేసిన చెయ్యి. మళ్లీ కొట్టింది. కమిటీ ఆమె అడ్డం రాబోతే వద్దన్నాను. మూడోసారి కొట్టబోతుంటే రేవతి అవ్వ కొంగు పట్టుకుంది.

"కొట్టద్దు అవ్వా. పోలీసోళ్లకు సెప్పింది ఈ అక్కే."

మునెమ్మ చెయ్యి ఆగింది. "ఎప్పుడు సెప్పింది?" అని అడిగింది.

రేవతి నా వైపు చూసింది. నన్ను కాపాడటానికి ఏదైనా చెప్పాలని అది వెతుక్కుంటున్నట్టు కనిపించింది. ఆ పని దానికి వదిలెయ్యబుద్ధి కాలేదు.

"చెయ్యి విరిగినాక," అన్నాను.

మునెమ్మ ఎత్తిన చెయ్యి దించింది. కొట్టడానికి నేను తగనన్నట్టు దించింది. పిల్ల సంచి భుజానికి తగిలించుకుని, దాని కుడి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లింది. తలుపు వేయలేదు. నన్ను రమ్మనలేదు. కమిటీ ఆమె లోపలికి వెళ్లి వేలిముద్ర వేయించుకుని వచ్చింది.

పలమనేరుకు తిరుగు బస్సు లేక ఇద్దరం దగ్గర్లోని కుప్పం బస్సెక్కాం. "నొప్పిగా ఉందా సిస్టర్?" అని ఆమె అడిగింది. లేదన్నాను. చెంప మీద చింతపండు జిగురు ఎండకు బిగుసుకుంటోంది. కుప్పం దాకా తుడుచుకోలేదు.